పట్టు కరిచిన చెయ్యి

విరుదునగర్‌లో కృష్ణసామి నాయకర్ వేరుశనగ మండీ వెనక ఒక గది ఉండేది. గింజలో నూనె ఎంతుందో పెట్రోలులో నానబెట్టి తేల్చే గది. పరీక్ష చేసేది మదురలో చదివొచ్చిన నాయకర్ మేనల్లుడు సీనివాసన్. సీసాలు తుడిచి, పెట్రోలు వంచేది మాడత్తి. చెప్పులు కుట్టే ఇంటి మనిషి గనక ఉత్తచేత్తో సీసా ముట్టకూడదు, చేతికి పట్టుగుడ్డ చుట్టుకోవాలి. పట్టుకు అంటు సోకదట! నాయకర్ ఇంటి ఆచారం అది.

1934 మాసి నెల, శివరాత్రి రోజులు. ఎండుగాలి. మాడత్తి పెట్రోలు సీసాను పట్టుతో రుద్ది తుడిచి రేకు గరాటు దగ్గరకు తెచ్చిందో లేదో, గుప్పున మంట లేచింది. సీనివాసన్ ఇసుక కుమ్మరించి ఆర్పాడు. మాడత్తి కనుబొమలు కాలాయి, అంతే.

నాయకర్ కేకలేస్తూ వచ్చాడు. "కోయిలుపట్టి అగ్గిపెట్టెల పనిలోనించి వచ్చినదానివి. ఒళ్లో పుల్ల యాడ దాచినావే?"

మాడత్తి కొంగు విదిలించి చూపింది. "పుల్లా లేదు గిల్లా లేదు సామీ. పట్టు కరిచింది. కరస్తాదని ముందే చెప్తిని గదా."

"పట్టు ఎరగని చేతిని పట్టు కరవక ముద్దు పెడతాదా? రేపట్నించి రావద్దు, పో."

పోతే మళ్లీ ఆ గంధకపు పొగలోకే పోవాలి. అక్కడ ఊపిరాడకనే ఇక్కడికి వచ్చింది. మాడత్తి కదల్లేదు.

"ఎట్లా కరస్తాది?" అన్నాడు సీనివాసన్. ఆ మాటకు అదివరకు తనూ నవ్వినవాడే.

"తుడస్తా ఉంటే చుర్రంటాది అయ్యా. వాన రోజు ఊరుకుంటాది. ఇట్లాంటి ఎండుగాలికే దానికి పొగరు."

సీనివాసన్ మొహం మారింది. రాపిడికి విద్యుత్తు పుడుతుందన్న పాఠం చదివి మార్కులు తెచ్చుకున్నాడు గాని, ఇక్కడ గుర్తు రాలేదు. పెట్రోలంతా బయటికి పంపించి, తలుపులు తెరిచి చాలాసేపు గాలాడనిచ్చాడు. ఖాళీ సీసాను అదే పట్టుతో గట్టిగా రుద్దాడు. బల్లమీది వేరుశనగ పొట్టు ఎగిరి సీసాకు అతుక్కుంది.

"వేలు పెట్టు మామా."

చిటుక్కుమంది. నాయకర్ వేలు లాక్కున్నాడు. "అమ్మాడీ! కరిచె!"

"పెట్రోలు ఆవిరికి ఈ నిప్పురవ్వ చాలు. గరాటుకు రాగితీగ కట్టి నేలలో పాతుదాం, పుట్టిన విద్యుత్తు మట్టిలోకి దిగిపోతాది. తుడిచేది తడి నూలుగుడ్డతో. పట్టు వద్దే వద్దు."

"ఉత్తచేత్తో ముడతాదా అది? అయితే నువ్వే తుడువు."

"నేనా? సీసాలు తుడిచేదానికా నన్ను మదురలో చదివించినావు?"

నాయకర్ వేలు నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. చివరికి గోడవైపు చూసి అన్నాడు: "సబ్బుతో చేతులు కడుక్కొని ముట్టమను."

"సబ్బు తెప్పించండి సామీ," అంది మాడత్తి. "ఎట్లాగూ తెప్పిస్తారు గదా, మీరూ కడుక్కోవచ్చు."

మర్నాడు ఉత్తచేత్తో సీసా ఎత్తింది.