తడపని నీళ్లు

పొద్దున్నే షెడ్డు షట్టరు ఎత్తగానే చిత్రిక చేసే మొదటి పని నేల ఊడవడం. నిన్నటి రంపప్పొట్టు కాళ్ల కింద ఉండగా ఇవాళ్టి పని మొదలుపెట్టడం ఆమెకి గిట్టదు. ఆమె ఊడ్చేలోపు పిన్ని వచ్చి, మూలనున్న కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ తీసి, ఫ్లాస్కులోంచి ఇద్దరికీ టీ పోసేది. చిత్రికకి వేరే పేరు ఉండే ఉంటుంది గానీ ఎవరికీ గుర్తులేదు. తండ్రి చిత్రిక పడుతుంటే చుట్టలు చుట్టుకుంటూ లేచే చెక్కపొరల్ని లోలాకుల్లా చెవులకి తగిలించుకుని తిరిగిన పిల్ల కాబట్టి, ముప్పై దాటినా ఆ పిలుపే నిలిచిపోయింది.

పాత వ్యాన్లని ఇళ్లుగా మార్చడం ఆమె పని. సీట్లు పీకేసి, గోడలకి చెక్క తొడిగి, చక్రం ఉబ్బెత్తుగా పొడుచుకొచ్చే చోట కూడా ఓ సొరుగు ఇరికించి, మంచం కింద బట్టలకీ, పొయ్యి పక్కన గిన్నెలకీ చోటు చూపించేది. పిన్ని పరుపులూ కర్టెన్లూ కుట్టేది. వ్యాను చిన్నది, మనుషుల సామాను పెద్దది. వచ్చినవాళ్లందరిదీ అదే గోల. ఒకాయనకి పన్నెండు జతల బూట్లకి అర కావాలి. ఇంకొకావిడకి కుట్లు అల్లికల బుట్ట చేతికందేంత దూరంలో ఉండాలి. ఎవరు ఏం దాచుకుంటారో వింటే చాలు, వాళ్ల కడుపులో ఏముందో తెలిసిపోతుందనేది చిత్రిక. పిన్ని నవ్వేది.

ఆ వానాకాలం అయిపోతుండగా కళ్లజోళ్లావిడ వచ్చింది. పెద్ద వీధిలో కళ్లజోళ్ల షాపు ఆవిడదే. యాభై ఏళ్లుంటాయి. మాట మెత్తన, నడక ఇంకా మెత్తన. ఆవిడ తెచ్చిన వ్యాను గుండ్రటి ముక్కు ఉన్న పాతకాలం బండి. ఆవిడా భర్తా అందులోనే పల్లెలన్నీ తిరిగి కళ్లు పరీక్షించి అద్దాలిచ్చేవాళ్లు. రెండేళ్ల కిందట ఆవిడకి జ్వరమొచ్చిన రోజు ఆయన ఒక్కడే వెళ్లాడు. నీళ్లకి దగ్గరగా ఉండే వంతెన దాటుతుండగా ఏరు పొంగింది. మర్నాడు బండిని బయటికి లాగారు. ఆయన శవం ఇంకా దిగువన దొరికింది.

అప్పట్నుంచీ ఆ బండిలో నీళ్లున్నాయి. కంటికి కనపడవు, ఒంటిని తడపవు. తలుపు తీసినా ఒలికిపోవు. లోపల నిలబడితే నడుం దాకా చల్లగా తెలిసేది, అంతే. చేతిలోంచి స్క్రూ జారితే కింద పడకుండా నడుం ఎత్తున తేలుతూ నిలబడేది. సుత్తి వదిలినా తేలేది. ఇనుమూ చెక్కా అన్న తేడా లేదు, ఆ నీళ్లకి ముంచడం చేతకాదు. బండిని చూసిన మెకానిక్కు బ్రేకులు బిగించి, ఇంజను బాగానే ఉందనీ, లోపల పనిచేసేటప్పుడు సామాను నడుముకి కట్టుకోమనీ చెప్పి వెళ్లిపోయాడు. చిత్రిక కూడా పెద్దగా ఆలోచించలేదు. కింది అరలన్నిటికీ గట్టి గడియలు పెట్టాలి, మంచం మీద పడుకున్న మనిషి పైకి లేచిపోకుండా పట్టీలు కుట్టించాలి అనుకుంది.

ఆమెని భయపెట్టింది నీళ్లు కాదు. టేపు తీసి, పెన్సిలు చెవి మీంచి లాగి, ఎప్పుడూ అడిగే మాటే అడిగింది. లోపల ఏమేం పెట్టుకుంటారని.

"ఏమీ పెట్టుకోనమ్మా," అంది కళ్లజోళ్లావిడ. "ఒక మంచం చాలు."

బట్టలో అంటే వద్దంది. పొయ్యో అంటే అక్కర్లేదంది. నీళ్ల డబ్బాకి చోటు కూడా వద్దంది. ఎన్నాళ్ల ప్రయాణమని అడిగితే కిటికీలోంచి బయటికి చూసింది. అప్పుడే చిత్రికకి చల్లదనం నడుం నుంచి డొక్కల దాకా పాకినట్టు తెలిసింది. చేతిలోంచి జారి గాల్లో తేలుతున్న పెన్సిలు వైపు చూస్తే అది మెల్లగా పైకొస్తోంది. ఆవిడ బండి దిగి వెళ్లిపోయాక మళ్లీ నడుం దగ్గరికి దిగింది.

చిత్రిక ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. పిన్నితో చెప్పింది. ఇన్నేళ్లలో ఉప్పు డబ్బాకైనా చోటు అడగని మనిషిని చూడలేదనీ, ఆవిడ ఆ బండిని మళ్లీ ఏట్లోకి తోలడానికే సిద్ధం చేయిస్తోందనీ. పిన్ని మిషను ఆపింది. మొహం మీదే అడిగెయ్యమంది. చిత్రికకి ధైర్యం చాల్లేదు. ఆ మాట తన నోట్లోంచి వస్తే, ఆవిడ ఇవాళే తాళం తీసుకుని వెళ్లిపోతుందేమోనని భయం.

"అయితే పని తెమలనివ్వకు," అంది పిన్ని. "వస్తూ పోతూ ఉండనీ. మనిషి కళ్ల ముందుంటే చాలు."

అలా మొదలైంది. చిత్రిక మర్నాడు షాపుకి వెళ్లి, ఉత్త మంచం ఒక్కటే వేస్తే బండి బరువు ఓ పక్కకి ఒరిగిపోతుందనీ, రెండో పక్క అరలు తప్పవనీ అబద్ధం ఆడింది. అరలంటూ ఉన్నాక కొలతలు కావాలి. కొలతలకి వస్తువులు కావాలి. ఏదో ఒకటి పట్రమ్మంది. కళ్లజోళ్లావిడ విసుక్కోలేదు, నమ్మినట్టూ లేదు. మర్నాడు ఓ స్టీలు గ్లాసు తెచ్చింది. చిత్రిక దాన్ని నాలుగు వైపులా కొలిచి, అది సరిగ్గా కూర్చునేలా గుండ్రంగా తొలిచిన చిన్న అర చేసింది. అది అయ్యాక ఇంకోటి తెమ్మంది. చెప్పుల జత వచ్చింది. తర్వాత దుప్పటి. ఆ తర్వాత, చాలా రోజులు ఆలోచించి కాబోలు, కళ్లు పరీక్షించే అద్దాల పెట్టె తెచ్చింది. భర్త చేతిలో ఉండే పెట్టె. చిత్రిక ఒక్కో అద్దానికీ ఒక్కో గాడి తీస్తే, అడుగున పిన్ని మెత్తటి గుడ్డ పరిచింది. దానికోసం పెట్టినంత టైము చిత్రిక తను చేసిన ఏ పెళ్లి మంచానికీ పెట్టలేదు.

ఆవిడ రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేది. పిన్ని సూదిలో దారం ఎక్కించడానికి చేతులు బారచాపి, మొహం వెనక్కి లాక్కుని పడే అవస్థ చూసి, ఓ రోజు కళ్లజోడు తెచ్చి పెట్టింది. పిన్ని అద్దంలో చూసుకుని, ఇన్నాళ్లూ తన మొహం ఇంత ముడతలు పడిందని తెలియక హాయిగా ఉన్నానంది. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూసి చిత్రికకి ప్రాణం లేచొచ్చింది. గండం గడిచిందనుకుంది.

కానీ ఆ సాయంత్రమే మంచం పొడవు సరిపోయిందో లేదో చూడమని ఆవిడని బండిలోకి ఎక్కిస్తే, చల్లదనం డొక్కలు దాటి, ఛాతీ దాటి, మెడ దగ్గర ఆగింది. ఊపిరి ఆడుతూనే ఉంది గానీ చెవులు దిబ్బడ వేశాయి. చిత్రిక జడ పైకి లేచి భుజం మీద తేలింది. కళ్లజోళ్లావిడ మంచం మీద చెయ్యి వేసి, బాగుందమ్మా అంది మెత్తగా. షెడ్డులో నవ్విన మనిషేనా అనిపించింది. అప్పట్నుంచీ చిత్రికకి పని మీద దృష్టి నిలవలేదు. రెండుసార్లు ఉలి జారింది. తను చేస్తున్నవి అరలు కావేమో, ఆవిడ కోసం ఓ శవపెట్టెని అందంగా ముస్తాబు చేస్తున్నానేమో అని అనుమానం పట్టుకుంది. రాత్రి ఇంట్లో పడుకున్నా కాళ్ల కింద నేల లేనట్టే ఉండేది.

ఎంత సాగదీసినా చెక్కపనికి ఓ చివరుంటుంది. మెరుగు ఆరిపోయింది, కర్టెన్లు వేలాడాయి, ఆఖరి గడియ బిగిసింది. కళ్లజోళ్లావిడ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. షాపు పనమ్మాయికి అప్పగించేశానంది. ఆవిడ పిన్ని చేతులు రెండూ పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత తాళంచెవి కోసం చెయ్యి చాపింది.

చిత్రిక తాళం ఇచ్చింది. ఇచ్చి, గబగబా అటువైపు తిరిగి వెళ్లి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టేసుకుంది. బండి కదిలేటప్పుడు అరలు మోగుతాయేమో వినాలనీ, వినకుండా ఏ బండినీ పంపననీ చెప్పింది. వద్దులే అంది ఆవిడ. చిత్రిక వినపడనట్టు ముందుకే చూస్తూ కూర్చుంది. గుండె చప్పుడు తప్ప ఆమెకి నిజంగానే ఏమీ వినపడటం లేదు.

బండి బజారు దాటింది. పెట్రోలు బంకు దాటింది. చల్లదనం గొంతు దగ్గరుంది. ఇద్దరి చేతులూ వాటంతట అవే పైకి లేస్తుంటే, ఆవిడ స్టీరింగుని గట్టిగా పట్టుకుని తోలుతోంది. వెనక అరల్లో సామాను గడియలకి తగిలి టకటక కొట్టుకుంటోంది. పెద్ద రోడ్డు మీద తిన్నగా పోవాల్సిన బండి ఎడమకి తిరిగింది.

"అక్కా, ఇది ఏటి దారి."

"తెలుసు. ఆ మలుపులో నిన్ను దింపేస్తాను."

"నేను దిగను."

"దిగాలమ్మా. పిన్ని ఎదురుచూస్తుంటుంది."

"నాకు ఈత రాదు," అంది చిత్రిక. ఏదో గట్టి మాట అనాలనుకుంది గానీ, భయం దానికి తోచింది అది అనేసింది.

మలుపు దగ్గర ఆవిడ బండి ఆపింది. చిత్రిక కదల్లేదు. ఆవిడ బతిమాలింది, కసురుకుంది. చిత్రిక రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని తల అడ్డంగా ఊపుతూనే ఉంది. వెనక ఇసుక లారీ ఒకటి హారను మోగించేసరికి, దారివ్వడానికి ఆవిడ బండిని కాస్త ముందుకి పోనిచ్చింది. ముందు ఉన్నది పడవలు దించే ఏటవాలు రాళ్లబాట. ఆవిడ బ్రేకు తొక్కింది. తొక్కడం చిత్రిక చూసింది, పాదం చివరిదాకా దిగింది. వానలకి నాచు పట్టిన రాళ్లు అవి. చక్రాలు ఆగాయి, బండి ఆగలేదు. గచ్చు మీద జారే సబ్బుబిళ్లలా, ఏ తొందరా లేకుండా, ముక్కు కిందికి పెట్టి ఏట్లోకి జారింది.

బురదనీళ్లు అద్దం మీదికి వచ్చాయి. బయటి నీళ్లు ఎక్కుతుంటే లోపలి నీళ్లు అంతకన్నా ముందే ఎక్కాయి. గొంతు దాటి, తల దాటి, పైకప్పు దాకా చల్లగా నిండిపోయింది. ఇద్దరూ సీట్లలోంచి పైకి తేలి బెల్టుల దగ్గర ఆగారు. వెనక ఓ గడియ ఊడిందేమో, స్టీలు గ్లాసు వాళ్ల మధ్యనుంచి తేలుకుంటూ వెళ్లి అద్దానికి తగిలి నిలబడింది. ఇక మునిగిపోతామనుకుని చిత్రిక కళ్లు మూసుకుంది. అప్పుడు బండి లేచింది. నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు ఒకసారి ఊగి, ముక్కు పైకెత్తి, నీళ్ల మీద తేలింది. తేలుతూ, మెల్లగా తిరుగుతూ, నడి ఏటికి సాగింది.

చిత్రిక మణికట్టు మీద ఓ చెయ్యి పడింది. గోళ్లు దిగేంత గట్టిగా పట్టుకుంది. కళ్లజోళ్లావిడ పెదాలు తెల్లబడి ఉన్నాయి. కళ్లు ఇంతింత చేసుకుని నీళ్ల వైపు చూస్తోంది.

"భయమేస్తోందే," అంది ఆవిడ.

"నాకు మొదటిరోజు నుంచీ వేస్తోంది," అంది చిత్రిక, ఏడుస్తూ.

ఆవిడ ఆమె వైపు తిరిగి చూసింది. ఆ చూపులో ఏముందో చిత్రిక తర్వాత ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయింది. చూసింది, అంతే. చూసి బెల్టు విప్పేసుకుంది. కప్పుకి తల కొట్టుకుంటున్నా లెక్కచెయ్యకుండా కిటికీ అద్దం దించి, నడుం దాకా బయటికి వంగి, గట్టు మీది మనుషుల్ని కేక పెట్టి పిలిచింది. అంత మెత్తటి మనిషి గొంతులో అంత కేక ఉందని ఎవరూ అనుకోరు. ఇసుక లారీ డ్రైవరు మోకు విసిరాడు. మొదటిసారి అందలేదు. రెండోసారి మోకు కొస చేతికి తగిలి జారిపోయింది. మూడోసారి ఆవిడ ఎంత ముందుకి వంగిందంటే, చిత్రిక ఆవిడ కాళ్లు రెండూ కౌగిలించుకుని పట్టుకోవాల్సి వచ్చింది. ఈసారి దొరికింది. దొరికిన మోకుని ఆవిడ అరచేతులు ఒరుసుకుపోయినా వదల్లేదు.

లారీ బండిని గట్టుకి లాగింది. తలుపు తియ్యగానే ఇద్దరూ గడ్డి మీద కూలబడ్డారు. వెనక బండిలో దబదబ చప్పుళ్లు వినిపించాయి. తేలుతున్నవన్నీ నేల మీద పడుతున్నాయి. గ్లాసు దొర్లుకుంటూ వచ్చి బయట పడింది. చిత్రిక వెళ్లి లోపల నిలబడి చూసింది. పాదాల దగ్గర్నుంచి తల దాకా ఎక్కడా చల్లగా లేదు.

కళ్లజోళ్లావిడ ఆ వారమంతా పిన్ని ఇంట్లోనే ఉంది. మూడో రోజున మొదలుపెట్టి ఆపకుండా మాట్లాడింది. ఆయన గురించీ, ఆ జ్వరం గురించీ, పొద్దున్నే లేచాక రాత్రిదాకా ఏం చెయ్యాలో తెలియని రెండేళ్ల గురించీ. పిన్ని మిషను తొక్కుతూ వింది. చిత్రికకి ఉలి మళ్లీ కుదురుగా పట్టడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఇప్పటికీ గాలివాన వస్తే ఉలి పక్కన పెట్టేసి, పిన్ని పక్కకి వెళ్లి కూర్చుంటుంది.

ఇప్పుడు ఆవిడ ఆ బండిలోనే పల్లెలన్నీ తిరుగుతూ కళ్లజోళ్లిస్తోంది. అటునుంచి వచ్చినవాళ్లు ఆవిడ కబుర్లు మోసుకొస్తుంటారు. ఏ వంతెన ఎదురైనా, అది మోకాలెత్తు పిల్లకాలువ మీదిదైనా సరే, ముందు బండి ఆపి, దిగి, రెయిలింగు దాకా నడిచి, నీళ్లు ఎంతున్నాయో వంగి చూసుకుని గానీ కదలదట. వెనక బండ్లవాళ్లు హారన్లు కొడితే, కొట్టుకోనీ, నాకు భయం అంటుందట.