గురువారం మా ఇంట్లోనే

వీధి లైట్లు వెలిగే వేళకు జోస్నా తెల్లచీర కట్టుకుని, సంచిలో బైబిలు పెట్టుకుని బయలుదేరేది. మూడో తరగతి చదివే ఆమె కూతురు కెజియా మేడ మీది పిట్టగోడకు గడ్డం ఆనించి అమ్మ పోవడం చూసేది. ఎల్బీ నగర్ వెనక సందులు ఆ వేళకు పొగరంగులోకి తిరుగుతాయి. ఆ పొగలో తెల్లచీర కాసేపు తేలి, మలుపు దగ్గర కరిగిపోయేది. అంతలో దూరాన మెట్రో రైలు వెలుగుల దండలాగా గాలిలో సాగిపోయేది. అమ్మ అందులో ఎక్కి ఆకాశంలోకి పోతున్నదేమో అనిపించేది కెజియాకు.

కిందికి దిగితే నాయనమ్మ రాములమ్మ బియ్యం ఏరుతూ అడిగేది.

"పోయిందా మీ యమ్మ?"

"పోయింది."

"ఇయ్యాల ఎవరింట్ల?"

"మీర్‌పేట్‌ల. ఎవరికో పెండ్లి కుదురుతలేదంట."

"ఊరోళ్ల పెండ్లిళ్లన్ని మీ యమ్మనే జేస్తది. దా, నువ్వు బువ్వ తిను."

తండ్రి ఆనంద్ కుమార్ ఆటో నడిపేవాడు. నిరుడు ఎండాకాలంలో జబ్బు చేసి పోయాడు. ఆ రోజుల్లో సంఘం ఆడవాళ్లు వచ్చి జోస్నా పక్కన కూర్చుని ప్రార్థన చేసేవారు. ఆమె లేచి తిరగడం మొదలుపెట్టాక తానూ వాళ్లతో కలిసి ఇల్లిల్లూ పోసాగింది. పగలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టల్లో వంట, సాయంత్రం గృహ ప్రార్థన. కష్టమున్న వాళ్లు పిలుస్తారు. చాప పరిచి, శనగ గుడాలు ఉడకబెట్టి, తమ విన్నపం చెప్పుకుంటారు. జోస్నా ప్రార్థిస్తే మనసు తేలికవుతుందని అందరికీ నమ్మకం.

ఆమె తిరిగి వచ్చేసరికి కెజియా, తమ్ముడు జోయెల్ పడుకుని ఉండేవారు. నిద్రలో కెజియా తల మీద ఒక చెయ్యి వాలేది. ఉల్లిపాయ వాసన, సబ్బు వాసన కలిసిన చెయ్యి. అది నిజమో కలో ఆ పిల్లకు ఎప్పుడూ తెలిసేది కాదు.

పిలిచిన ప్రతి ఇంటికీ అమ్మ పోతుంది. పిలవని ఇల్లు ఒక్కటే మిగిలింది, తమది. ఆ సంగతి తోచిన ఆదివారం కెజియా సండే స్కూలు అయిపోగానే పాస్టరమ్మ సుమిత్రమ్మ కొంగు పట్టుకుంది.

"పాస్టరమ్మా, మా ఇంట్ల గూడ ప్రార్థన పెట్టుర్రి."

"మీ అమ్మ చెప్పి పంపిందా?"

కెజియా నేల చూసింది. "మా ఇంట్ల విన్నపం ఉంది."

పాస్టరమ్మ ఆ పిల్ల తల నిమిరింది. ఆరాధన చివర, గురువారం కూడిక జోస్నా ఇంట్లో అని అందరికీ చెప్పింది.

జోస్నా ఇంటిదాకా గొణుగుతూనే ఉంది. "ఎవరు చెప్పిండ్రో ఏమో. ఉన్నది ఒక్క అర్ర. అంతమంది యాడ గూసుంటరు?"

"నా నెత్తి మీద గూసోబెట్టు," అంది రాములమ్మ.

గురువారం జోస్నా పని నుంచి తొందరగా వచ్చింది. ఇల్లు కడిగింది, పక్కింటి నుంచి కుర్చీలు తెచ్చింది, పెద్ద గిన్నెలో గుడాలు ఉడకేసింది. కెజియా పిడికిట్లో ఏదో దాచుకుని పొయ్యి నుంచి గడపకూ, గడప నుంచి పొయ్యికీ ఆమె వెంట తిరిగింది.

"అమ్మా, గిది జూడు."

"జర ఆగు బిడ్డా. మంది ఒస్తరు."

కెజియా గోడకు చేరగిలబడింది. ఇంట్లో ఉన్న అమ్మ కూడా చేతికి అందలేదు.

అప్పుడు వాన మొదలైంది. చూస్తుండగానే సందు కాలువైంది. ఎవరిదో చెప్పు ఒకటి గడప ముందు నుంచి తీరుబడిగా ఈదుకుంటూ పోయింది. కరెంటు పోయింది. జోస్నా గుమ్మంలో చాలాసేపు నిలబడి చూసింది. ఎవరూ రాలేదు. చివరికి కొవ్వొత్తి ముట్టించి వచ్చి చాప మీద కూర్చుంది.

"గిన్ని గుడాలు ఎవరు దింటరు? నాకు పండ్లు గూడ లేవాయె," అంది రాములమ్మ.

"నాకు గూడ ఒకటి లేదు నాయనమ్మా." కెజియా పిడికిలి విప్పింది. అరచేతిలో తెల్లని పాలపన్ను.

జోస్నా కొవ్వొత్తి దగ్గరికి జరిపింది. "ఎప్పుడూడింది?"

"మొన్న. నువ్వు బడంగ్‌పేట్ పోయినప్పుడు."

జోస్నా ఆ పన్నును తన అరచేతిలోకి తీసుకుంది. ప్రార్థనల్లో అలవాటైన మాటే అంది. "సరే. పిలిచినోళ్లు విన్నపం చెప్పాలె. ఇంతకూ పిలిచిందెవరు?"

"నేనే."

"నువ్వా? ఏం విన్నపం?"

"పిలిస్తే నువ్వు ఏ ఇంటికైనా పోతవు గద. గందుకే పిలిచిన."

వాన చప్పుడు ఇల్లంతా నిండింది. జోస్నా మెల్లగా అంది. "ఈ యాళకు మీ నాయిన ఆటో ఒచ్చి ఆగినట్టే ఇనబడ్తది బిడ్డా. గందుకే ఇంట్ల ఉండలేను."

"నాకు గూడ ఇనబడ్తది. ఒక్కదాన్నే ఇంటుంట."

జోస్నా కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. రాములమ్మ అటు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నీళ్లు లోపటికొస్తయా?" అన్నాడు జోయెల్ భయంగా.

"రావు నానా. మనం ఓడల ఉన్నం," అంది జోస్నా. ఆమె గొంతు దానంతటదే కథలోకి జారింది. జలప్రళయానికి ముందు నోవహు ఓడ కట్టినదీ, జంతువులు జతలు జతలుగా ఎక్కినదీ చెబుతుంటే చాప అంచులు మెల్లగా పైకి లేచినట్టైంది. గోడ మీద నీడలు ఊగాయి. పక్కింటి కుర్చీలు ఒంటెలయ్యాయి. ఇల్లు తాడు తెంచుకుని, కాలువలా మారిన సందు వెంబడి నీళ్ల మీద కదిలింది. దూరాన మెట్రో పోతూ కిటికీ మీద వెలుగు చల్లింది. అది మరొక ఓడ, అందులోనూ ఎవరో పిల్లలున్నారు.

"నాయనమ్మ ఏం జంతువు?" అన్నాడు జోయెల్.

"కోతి. సూస్తలేవా, గుడాలన్ని తింటున్న," అంది రాములమ్మ.

ఫోను మోగింది. పాస్టరమ్మ. "మీ దిక్కు నీళ్లంట గద జోస్నా? ఇటు తగ్గింది. అందరం అండాలమ్మ ఇంట్ల గూడుకుంటున్నం. రోడ్డు మీదికి ఆటో పంపుత, ఒస్తవా?"

ఒళ్లో ఉన్న కెజియా ఊపిరి బిగబట్టింది. ఓడ నీళ్ల నడుమ ఆగిపోయింది.

జోస్నా చేతిలోని పన్నును చూసింది. "రాను అక్కా. ఇయ్యాల మా ఇంట్ల ప్రార్థన ఉంది. ఇగ గురువారాలు మా ఇంట్లనే."

"గా నీళ్లల్ల ఎవరొచ్చిండ్రు?"

"అందరొచ్చిండ్రు," అంది జోస్నా.

ఫోను కుర్చీ కింద పెట్టేసింది. ఓడ మళ్లీ కదిలింది.

"నీళ్లు తగ్గినయని చెప్పే పావురం ఎప్పుడొస్తది?" అడిగింది కెజియా. అప్పటికే కళ్లు మూతలు పడుతున్నాయి.

"ఒస్తది తీ. తొందరేమున్నది," అంది జోస్నా. కెజియా తల మీద చెయ్యి వాలింది. ఉల్లిపాయ వాసన, సబ్బు వాసన. ఈసారి అది కల కాదని ఆ పిల్లకు తెలుసు.