రోజుకు పది గంటలు

మా ఆయన వీరరాఘవరావు కంచన్‌బాగ్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తారు. అక్కడ ఏం చేస్తారో నాకు తెలియదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి అడిగితే "లోహాలు" అన్నారు. ఇన్నేళ్లలో ఆ జవాబు ఒక్క మాట కూడా పెరగలేదు. ఉప్పుగూడలో మా వీధిలో ఇంకో రెండిళ్లలోనూ ఇలాంటి భర్తలే ఉన్నారు. సాయంత్రం స్కూటర్ దిగుతారు, టిఫిన్ డబ్బా చేతికిస్తారు, ఆఫీసు ఎలా ఉందంటే వాన గురించి చెబుతారు. అడగకపోవడం మా వీధిలో భార్యల మర్యాద.

మా అమ్మాయి రాగసుధ వీడియో గేమ్‌లు తయారుచేసే కంపెనీలో టెస్టరు. ఆఫీసు మాదాపూర్‌లో, పని ఇంట్లోంచే. సగం తయారైన ఆటను ఆడి, ఎక్కడ మనిషి గోడలోంచి దూరిపోతున్నాడో, ఎక్కడ తలుపు తెరుచుకోవడం లేదో పట్టుకుని పైవాళ్లకు చెప్పాలి. ఒకే తలుపును రోజంతా తీసి మూసిన సందర్భాలూ చూశాను. బోటనీ డిగ్రీ చేతపట్టుకుని నేను ఈ ఇంట్లో చేస్తున్నది దాదాపు అదే కనుక, ఆ ఉద్యోగం నాకు వెంటనే అర్థమైంది. మా ఆయనకు అర్థం కాలేదు. బంధువులు అడిగితే "సాఫ్ట్‌వేర్" అని మాట మార్చేవారు.

ఉద్యోగంలో చేరిన రోజే అది మాకు ఒక సంగతి చెప్పింది. బయటికి రాని ఆట కాబట్టి తన గదిలో తెర మీద కనిపించేది బయటివాళ్లెవరికీ చూపకూడదట. టెస్టర్ల కాపీల్లో తెరకు అడ్డంగా వాళ్ల వాళ్ల నంబరు లేతగా కనిపిస్తూనే ఉంటుందట, బొమ్మ బయటికి పొక్కితే ఎవరి దగ్గర్నుంచి పొక్కిందో తెలియడానికి. "మీ ఆఫీసు లెక్కనే నాన్నా" అంది. ఆయన నవ్వారు. చంటిపిల్ల బొమ్మ గిన్నెలో కాఫీ కలిపి ఇస్తే తాగినట్టు నటిస్తూ పెద్దవాళ్లు నవ్వే నవ్వు అది.

ఆట మాత్రం నాకు నచ్చింది. సముద్రం మధ్యలో ఒక రాయి, రాయి మీద దీపస్తంభం, దాన్ని చూసుకునే ఒక ముసలామె. దీపంలో నూనె పోయాలి, అద్దం తుడవాలి, పొగమంచులో పడవ వస్తే గంట కొట్టాలి. పని అయ్యాక ఆమె మెట్ల మీద కూర్చుని సముద్రం చూసేది. అంతే. నేను వెనక కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ చూసేదాన్ని.

ఇలా ఉండగా పక్కింటి షౌకత్ బీ మనవడు షాహెద్ మేడ మీద నీళ్ల ట్యాంకు కడుగుతూ జారి వాళ్ల అవతలింటి రేకుల మీద పడ్డాడు. జరీ దుకాణంలో పనిచేసే కుర్రాడు. కాలు విరిగింది. పడ్డప్పుడు జేబులో ఫోను ఉంది, ఆ ఫోనులో క్యారమ్స్ ఆట ఉంది. ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టి ఒక టీవీ ఛానల్ "పాతబస్తీలో మృత్యుక్రీడ" అని వేసింది. ఆ కార్యక్రమాన్ని షాహెద్ ఆసుపత్రి మంచం మీద ఉస్మానియా బిస్కెట్లు తింటూ చూశాడు.

షౌకత్ బీ గోడ మీదుగా నాకు చెప్పుకుంది. "ట్యాంకు సాఫ్ చేస్తుండె అని చెప్పిన అమ్మా. ఆ టీవీ పోరి ఏమన్నది? ట్యాంకు వద్దు దాదీ, ఫోన్ సంగతి చెప్పు అన్నది. ట్యాంకుల గింత నాచు ఉండె, గది ఎవరూ అడగలే."

ఆ పోరి పేరు కీర్తిప్రియ. కెమెరా పట్టుకున్న ఎల్లేష్‌తో కలిసి ఆదివారం మళ్లీ వచ్చింది. రెండో భాగానికి నిపుణులు కావాలట. వీధిలో ఎవరో మా గేటు చూపించి సైంటిస్ట్ సార్ అన్నారు. మా ఆయన సైంటిస్టు కాదు, టెక్నికల్ ఆఫీసరు. కానీ ఉద్యోగ జీవితం మొత్తంలో ఆయన అభిప్రాయం ఏమిటని మైకు పట్టుకుని అడిగినవాళ్లు లేరు. వంటింట్లోంచి నాకు ఆయన గొంతు వినిపించింది, స్కూల్ వార్షికోత్సవంలో మాట్లాడే గొంతు. ఆటలన్నీ చెడ్డవి కావనీ, ఇప్పుడది ఒక వృత్తి అనీ, మా అమ్మాయి రోజుకు పది గంటలు ఆడుతుందనీ, అందుకు జీతమిస్తారనీ చెబుతున్నారు. కూతురి ఉద్యోగం గురించి ఆయన గర్వంగా మాట్లాడటం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. అందుకే టీ పెట్టాను. పెట్టకుండా బయటికి వచ్చి ఉంటే బాగుండేదేమో.

టీ పట్టుకొచ్చేసరికి వాళ్లు రాగసుధ గది గుమ్మంలోంచి వెనక్కి వస్తున్నారు. అది చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తలుపుకు వీపు పెట్టి ఆడుకుంటోంది, అంటే పని చేసుకుంటోంది. ఆదివారమైనా పని ఉంది. ఎవరొచ్చిందీ వెళ్లిందీ దానికి తెలియదు. వాళ్లు వెళ్లాక లోపల చూపించారా అని మా ఆయన్ని అడిగాను.

"దానిదేముందోయ్, ఆటేగా" అన్నారు.

సాయంత్రం ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. "మా అమ్మాయి రోజుకు పది గంటలు ఆడుతుంది" అని మా ఆయన అన్నారు. జీతం మాట రాకముందే కోసేశారు. కింద "సైంటిస్టు ఇంట్లోనే" అని ఎర్ర అక్షరాలు. రాగసుధ ముఖం కనిపించకుండా మసకచేశారు, అసలు వీపే కనిపిస్తుంటే ముఖం ఎక్కడ దొరికిందో. తెరను మసకచేయలేదు. దీపస్తంభం, ముసలామె, అడ్డంగా లేత నంబరు, అన్నీ చక్కగా వచ్చాయి. ముసలామె దీపంలో నూనె పోస్తుంటే వెనక తుపాకుల మోత పెట్టారు.

రాగసుధ కంచంలో పెట్టిన దోసె తిన్నది. చెయ్యి కడుక్కొచ్చి వాళ్ల నాన్న ఎదురుగా కూర్చుంది.

"నువ్వు నన్ను మీ గేటు లోపలికి ఎప్పుడన్నా తీసుకపోయినవా నాన్నా?"

ఆయన టీవీ రిమోట్‌ను తిప్పి చూశారు. వెనక ఏదో రాసి ఉన్నట్టు చాలాసేపు చదివారు.

తెల్లారేసరికి ఇంటర్నెట్‌లో ఆటల పిచ్చివాళ్లు ఆ తెరను పట్టుకున్నారు. ఇంకా విడుదల కాని ఆట హైదరాబాద్‌లో ఎవరింట్లోనో ఉందని ఊళ్లకు ఊళ్లు పంచుకున్నారు. మధ్యాహ్నం రాగసుధ పైఅధికారి ఫణికుమార్ వీడియో కాల్ చేశాడు. పక్కన కూర్చుని జరిగింది వివరిస్తానని మా ఆయన అంటే అది వద్దంది. నేను గుమ్మం అవతల నేల తుడుస్తున్నాను. తుడిచిన చోటే తుడిచాను. మనమంతా ఒక ఫ్యామిలీ కాబట్టి చెబుతున్నానన్నాడతను. శుక్రవారంలోగా ఛానల్ ఆ వీడియో తీసేస్తే ఉద్యోగం ఉంటుంది, తీయకపోతే ఉండదు. ఇలాంటి పేరు పడితే ఊళ్లో ఇంకే గేమ్ కంపెనీలోనూ తీసుకోరని కూడా ఫ్యామిలీలాగే చెప్పాడు.

మర్నాడు మా ఆయన సెలవు పెట్టారు. ఇద్దరం ఛానల్ ఆఫీసుకు వెళ్లాం. కీర్తిప్రియ కిందికి వచ్చింది. చేతిలో ఫోనులో రంగురంగుల గోళీలు పేలుతున్నాయి. నా చూపు చూసి, లిఫ్ట్ కోసం నిలబడ్డప్పుడు మాత్రమే ఆడతాను ఆంటీ అంది. మంచి పిల్లే. మా అమ్మాయి ఉద్యోగం పోతుందంటే ముఖం చిన్నబుచ్చుకుంది కూడా. కానీ ఆ వీడియోను జనం బాగా చూస్తున్నారట, ఊరికే తీసేస్తే పైవాళ్లు ఒప్పుకోరట. దాని స్థానంలో ఇంకోటి ఇస్తే తీయొచ్చు. ఆ అమ్మాయే వచ్చి గేమ్ వ్యసనంలోంచి ఎలా బయటపడిందో చెబితే చాలు, ముఖం చూపించరు.

అంటే ఆటలాడే ఉద్యోగం నిలబడాలంటే, ఆటలు తన బతుకు నాశనం చేశాయని మా అమ్మాయి టీవీలో చెప్పాలి. ఇందులో తిరకాసేముందో కీర్తిప్రియకు కనిపించలేదు. అది రాదని మా ఆయన అన్నారు. తప్పు నాది, నేనే చెబుతాను అన్నారు. తప్పు ఒప్పుకుంటే చూడరంకుల్, బాధ ఉండాలి అంది ఆ పిల్ల.

"ఆడేది మా అమ్మాయి కాదు" అన్నాను. "నేను."

ఇద్దరూ నా వైపు తిరిగారు. మా ఆయన నోరు తెరిచి, మూసుకున్నారు. ఇన్నేళ్ల ఆయన ఆఫీసు శిక్షణ ఆ రోజు ఇంటికి మొదటిసారి అక్కరకొచ్చింది. లిఫ్ట్ దగ్గర గోడకు పెట్టిన ఫ్యాన్ వైపు చూస్తూ నిలబడ్డారు. కీర్తిప్రియ కళ్లు మెరిశాయి. గృహిణి అని మెల్లగా రెండుసార్లు అనుకుంది.

బుధవారం మా వంటింట్లో షూటింగ్. రాగసుధ గదికి ఈసారి తాళం వేశాం, లోపల అది ఉండగానే. ముందుగా చేతులు కావాలన్నారు, చేతులు తీశారు. ఖాళీ కుర్చీ కావాలన్నారు, తీశారు. తర్వాత ఎల్లేష్ కుక్కర్ మూత ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"జర మాడబెట్టక్కా. గింత తెల్లగుంటె బాధేం కనవడ్తది?"

మాడబెట్టాను. ఇన్నేళ్లలో కావాలని మాడబెట్టడం అదే మొదలు, అనుకున్నంత తేలిక కాదు. తర్వాత ఏడవమన్నారు. ప్రయత్నించాను, రాలేదు. పోయినవాళ్లను కూడా తలచుకున్నాను. వాళ్లు కూడా ఏమీ చేయలేకపోయారు. ఏమీ అనిపించడం లేదమ్మాయ్ అని చెప్పాను. కీర్తిప్రియ ఒక్క క్షణం ఆలోచించి, అదే బాగుంది ఆంటీ, ఏమీ అనిపించనట్టే చూడండి అంది. దానికి నటించక్కర్లేదు. చూశాను.

"కూర్చుంటే లేవబుద్ధి కాదు" అన్నాను కెమెరాతో. "ఇల్లు కనిపించదు. మాడిన వాసన వస్తుంది, పక్కింట్లో అనుకుంటాను."

చెప్పాక వంటిల్లంతా చూశాను. అందులో అబద్ధం ఎంతో నాకే సరిగా తెలియలేదు. ఆట అన్నమాట ఒక్కటి తీసేస్తే మిగతాది నిలబడేటట్టే ఉంది.

గురువారం నా బైట్, అంటే నేను మాట్లాడిన ముక్క, టీవీలో వచ్చింది, మా ఆయన బైట్ పోయింది. ఛానల్‌వాళ్లు మాట నిలబెట్టుకున్నారు, ఆ సంగతి చెప్పుకోవాలి. షౌకత్ బీ గోడ దగ్గరికి వచ్చి, ముఖం దాచిన్రు గానీ గాజులు దాచలేదమ్మా అంది. తర్వాత గొంతు తగ్గించి, గట్ల ఇల్లు మరిచిపోయే ఆట ఉంటె నాక్కూడ నేర్పించు అంది. నవ్వులాటకు అనలేదు.

రాగసుధ ఉద్యోగం నిలబడింది. మా ఆయన ధూల్‌పేట్ వైపు వెళ్లి దానికిష్టమైన జిలేబీ తెచ్చారు. అది తిన్నది. ఇద్దరూ మాట్లాడుకున్నారు, జిలేబీ గురించి.

సోమవారం అది మీటింగ్ అయ్యాక గదిలోంచి వచ్చి వంటింటి గట్టు మీద కూర్చుంది. ఫణికుమార్ మీటింగ్‌లో అందరికీ ఒక టీవీ క్లిప్ వేశాడట. గృహిణి, ముఖం మసక, మాడిన అన్నం. అది తన టెస్టరు తల్లి అని అతనికి తెలియదు. మన అసలు మార్కెట్ ఇది, ఇన్నాళ్లూ మనం కాలేజీ పిల్లల వెనక పడ్డాం అన్నాడట. లేవబుద్ధి కాదు అన్న చోట ఆపి, మళ్లీ వేసి, మన ఆట ఆడినవాళ్లూ ఈ మాట అనాలి అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మాయీ కొట్టింది, కెమెరా ఆన్‌లో ఉంది కదా.

ఇప్పుడు ఆట మారుస్తున్నారు. లేచి వెళ్తే దీపం ఆరిపోతుంది. దీపం ఆరితే పడవలు మునిగిపోతాయి. పడవల్లో చిన్నపిల్లలను కూడా పెడుతున్నారు. టెస్టర్లు ఒక్కొక్కరూ ఒక గృహిణిని కూర్చోబెట్టి, ఆమె ఎక్కడ లేస్తుందో గుర్తుపెట్టాలి. అక్కడ ఏం చేస్తే లేవదో తర్వాత చూస్తారు.

"ఎవరిని అడగాలె అమ్మా?" అంది.

చీర కొంగుకు చేతులు తుడుచుకుని దాని కుర్చీలో కూర్చున్నాను. అది నా వెనక స్టూలు వేసుకుంది. నూనె పోశాను, అద్దం తుడిచాను, గంట కొట్టాను. పని అయిపోయాక ముసలామె మెట్ల మీద కూర్చుని సముద్రం చూసేది కదా, ఆ మెట్లు ఎక్కడా కనిపించలేదు. అడిగితే, తీసేసిన్రు, అక్కడ అందరూ లేస్తున్నరట అంది.

"ఇంతకీ ఆట బాగుందా?" అన్నాను.

"అది మేం చూడం అమ్మా."

మా ఆయన గుమ్మం దాకా వచ్చారు. లోపలికి అడుగు పెట్టలేదు. ఏం చేస్తున్నారని అడగబోయి, అడగకుండానే వెళ్లిపోయారు.

పొగమంచులో ఒక పడవ దారి తప్పి రాయి వైపు వస్తోంది. గంట తాడు పట్టుకున్నాను. అవతలి నుంచి షౌకత్ బీ నల్లా వచ్చిందని కేకేసింది. మా వీధిలో నల్లా నీళ్లు వస్తే శవం దగ్గర కూర్చున్నవాళ్లు కూడా లేస్తారు. లేచాను. వెనక రాగసుధ నేను లేచిన చోటు గుర్తు పెట్టుకుంటోంది.

"ఎందుకు లేచినవో కూడ చెప్పాలె. ఏం చెప్పమంటవ్?"

"నల్లా వచ్చిందని చెప్పు."

"వాళ్లకు అర్థం కాదు. నేను ఇంటిపని అంట."

అనమన్నాను. బిందెలు, బకెట్లు, డ్రమ్ము నింపి, పైపు చుట్టి గోడకు తగిలించి తిరిగొచ్చేసరికి తెరంతా చీకటిగా ఉంది. దీపం ఆరిపోయింది. నీళ్ల మీద ఏవో చెక్కలు తేలుతున్నాయి, ఒక చిన్న చెప్పు కూడా. పాపం అనిపించాలని పెట్టి ఉంటారు. తడి చేతులతో కుర్చీలో కూర్చున్నాను. మళ్లీ మొదటినుంచా అని అడిగాను. అది అవునంది.

నూనె డబ్బా తీసుకున్నాను.