వెచ్చటి డబ్బా, మామగారి దగ్గు

పొద్దున్నే అత్త చేసే మొదటి పని గ్లాసుడు నీళ్లు కాచి, వంటింటి కిటికీ పక్కనున్న కుర్చీ దగ్గర పెట్టడం. ఆ కుర్చీలో మామగారి దగ్గు ఉంటుంది. మామగారు పోయి తొమ్మిదేళ్లయింది, దగ్గు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. పాలవాడు గిన్నెలో పాలు పోస్తూ, "ఏంటమ్మా, పెద్దాయనకి ఇవాళ కాస్త తెరిపిగా ఉన్నట్టుందే" అని పలకరించి పోతాడు.

మామగారు ఊరి చివర అణు కర్మాగారంలో వెల్డరు. వ్యర్థం నింపిన పీపాలకి మూతలు అతికేవాడు. తన దగ్గర పని నేర్చుకునేవాళ్లని పల్లెత్తు మాట అనేవాడు కాదు. అతుకు బాగా లేకపోతే దాని ముందు నిలబడి ఒక్కసారి దగ్గేవాడు. అంతే, వాళ్లు మళ్లీ మొదట్నుంచీ అతకాల్సిందే. చివరికి నిజం దగ్గే వచ్చి ఆయన్ని తీసుకుపోయింది. దుమ్ము వల్ల అన్నారు కర్మాగారం వాళ్లు. అత్త నమ్మలేదు. అప్పట్నుంచీ కర్మాగారం పేరెత్తితే చాలు, ఆవిడకి ఒళ్లు మండేది.

అలాంటావిడ ఇంట్లో కోడలు అదే కర్మాగారంలో తనిఖీ ఉద్యోగం చేస్తోంది. ఇక ఆ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంటుందో వేరే చెప్పాలా?

ఇప్పుడక్కడ కొత్త పని మొదలైంది. నలభై ఏళ్లుగా గుంటల్లో పడున్న వ్యర్థాన్ని గాజుతో కలిపి కరిగించి, మందపాటి ఉక్కు డబ్బాల్లో పోసి, మూత అతుకుతున్నారు. లోపలి విషం లోపలే ఉంటుంది, బయటికి వేడి మాత్రమే వస్తుంది. చుట్టూ నీళ్ల పైపు తిప్పితే ముప్పై ఏళ్లు గదులు వెచ్చగా ఉంటాయట. వాటిలో నలభై డబ్బాలు పిల్లల బడికి వెళ్లాలి. కోడలి కూతురు రెండో తరగతి చదివేది ఆ బళ్లోనే.

జనానికి నమ్మకం కుదరాలని ముందుగా ఉద్యోగులకి ఇంటికొక డబ్బా ఇచ్చారు.

"విషాన్ని తెచ్చి వంటింట్లో పెడతావా?" అంది అత్త.

"బయటికొచ్చేది వేడే అత్తయ్యా. నేనే కదా తనిఖీ చేసేది."

"మీ మామకీ ఇలాగే చెప్పారు."

ఆ రోజునుంచీ అత్త డబ్బాకి వీపు చూపించలేదు. కూర తరిగినా, బియ్యం ఏరినా దానికేసి తిరిగే కూర్చునేది. కుండీలో మిరపమొక్కని తెచ్చి దాని పక్కన పెట్టి, ఎప్పుడు వాడిపోతుందా అని కాపు కాసింది. అది పక్షం రోజుల్లో విరగబూసింది. "ఇది మరీ అనుమానంగా ఉంది" అంది అత్త.

అంతకన్నా పెద్ద దెబ్బ మరుసటి వారం తగిలింది. మామగారి దగ్గు కుర్చీ వదిలి డబ్బా పక్కకి చేరింది. ఆ వెచ్చదనానికి నెమ్మదించి, రోజుకి రెండు మూడుసార్లకి మించి వినబడటం మానేసింది. "ఆయన్ని కూడా మెత్తబరిచేశారు" అని అత్త మూతి ముడుచుకుంది. నీళ్లు మాత్రం పొయ్యి మీదే కాచేది. డబ్బా మీద గిన్నె పెట్టమంటే చచ్చినా పెట్టనంది.

అనుమానం అంటుకునే రకం. కోడలు కూడా అత్త చూడకుండా, విషాన్ని పసిగట్టే మీటరు తెచ్చి డబ్బా చుట్టూ తిప్పింది. ఏమీ లేదు.

ఓ రోజు పొద్దున అత్త గ్లాసు పట్టుకుని వంటింటి మధ్యలో నిలబడిపోయింది.

"మీ మామ ఇంట్లో లేడే అమ్మాయ్."

"కాసేపు ఆగి వినండి అత్తయ్యా."

"తెల్లారినప్పట్నుంచీ వింటూనే ఉన్నాను. మీవాళ్లు ఏం చేశారు ఆయన్ని?"

కోడలికి బస్సు టైమైంది. సాయంత్రం వెతుకుదామని చెప్పి వెళ్లిపోయింది.

కర్మాగారం షెడ్డులో బడికి వెళ్లే నలభై డబ్బాలూ వరసగా ఉన్నాయి. లారీ గేటు దగ్గరుంది. అన్నిటికీ తనిఖీ అయిపోయింది, ఆఖరి కాగితం మీద కోడలు సంతకం పెడితే చాలు. ఫోర్‌మన్‌ని అందరూ 'అర్జంటు' అంటారు. ఆయన అప్పటికే పెన్ను మూత తీసి పట్టుకున్నాడు.

అప్పుడు పదిహేడో డబ్బా ముందు దగ్గు వినిపించింది. ఒకే ఒక్కసారి.

పాత వెల్డర్లు ఠక్కున పనులాపి తలలు దించుకున్నారు.

"ఏమ్మా, బయటివాళ్లని లోపలికి తేకూడదని తెలీదా? గేటు దగ్గర రాయించావా?" అన్నాడు అర్జంటు.

"నేను తేలేదు సార్, ఆయనే వచ్చారు."

ఆమె తడిగుడ్డ తీసుకుని పదిహేడో డబ్బా అతుకు మళ్లీ తుడిచింది. ఎప్పటిలాగే సుద్దగీత దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిప్పి, గీత దగ్గర ఆపింది. గుడ్డని మీటరు కింద పెడితే మామూలుగా టిక్కు టిక్కుమంది. "చూశావుగా, సంతకం పెట్టు" అన్నాడు అర్జంటు. దగ్గు మళ్లీ వినిపించింది, ఒక్కసారే.

అప్పుడామెకి తన మీదే అనుమానం వచ్చింది. తన గుడ్డ తగలని చోటు ఏది?

వెల్డరు అతకడం మొదలుపెట్టేదీ ముగించేదీ సుద్దగీత దగ్గరే. గీత పక్కన అతని నంబరు ఉంటుంది. అది చెరిగిపోతే పని ఎవరిదో తెలియదని, పాత తనిఖీదారు గీతకి అటూ ఇటూ బొటనవేలంత వదిలి తుడవమని నేర్పాడు. ఆమె అలాగే తుడుస్తూ వచ్చింది. అతుకు రెండు కొసలూ కలిసే ఆ ఒక్క చోటునీ ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు.

"గీత చెరిపితే ఊరుకోను" అన్నాడు అర్జంటు.

ఆమె చెరిపేసింది. గుడ్డని మీటరు కింద పెట్టగానే అది పేలాలు వేగినట్టు చిటపటలాడింది. అర్జంటు పెన్నుకి మూత పెట్టాడు. ఆమెకి బళ్లో ఉన్న కూతురు గుర్తొచ్చింది.

"తప్పు నాదే సార్. లారీని ఖాళీగా పంపించెయ్యండి" అంది.

నలభై డబ్బాల్లో మూడింటికి గీత కిందే సన్నటి పగులు ఉంది. ఆమెకి మెమో ఇచ్చారు. సుద్దగీత ఇకపై అతుక్కి దూరంగా మూత నడిమధ్యన గియ్యాలన్న కొత్త పద్ధతిని మాత్రం ఆమె చేతే రాయించారు.

ఇంటికొచ్చీ రాగానే ఆమె వంటింట్లో డబ్బా మీద గీత చెరిపి, కింద తుడిచి చూసింది. మీటరు నెమ్మదిగా టిక్కు టిక్కుమంది. జరిగిందంతా అత్తకి చెప్పింది.

"ఈ డబ్బా పక్కన ఆయన నిద్రపోయినప్పుడే దీని అతుకు మంచిదని నాకు తెలియాల్సింది" అంది అత్త.

దగ్గు మళ్లీ ఇంటికి రాలేదు. షెడ్డులోనే ఉండిపోయింది. అతుకు బాగున్నంతసేపూ చప్పుడు చెయ్యదట. అత్త మూడు రోజులు ఖాళీ కుర్చీకేసి చూస్తూ ఏడ్చింది. "మనిషిని తీసుకున్నారు, ఆ కాస్త దగ్గునీ తీసుకున్నారు" అంది.

నాలుగోరోజు పొద్దున కోడలు వంటింట్లోకి వచ్చేసరికి పొయ్యి వెలగలేదు. డబ్బా మీద చిన్న గిన్నె ఉంది, అందులో నీళ్లు కాగుతున్నాయి. డబ్బాకి వీపు పెట్టి అత్త ఫ్లాస్కు కడుగుతోంది.

నీళ్లు అందులో పోసి, మూత రెండుసార్లు బిగించి చూసి, కోడలి సంచిలో పెట్టింది.

"మీ మామకి. చల్లారనీయకే."