రిమోటు ఫ్యానుకు బోణీ

మా నాయన మహానందయ్య గదిలో తిరిగే సీలింగ్ ఫ్యాను నాకంటే ఆరేళ్ళు పెద్దది. నాకు బట్టతల వచ్చింది, దానికి ఏమీ రాలేదు. నంద్యాలలో నేను పన్నెండేళ్ళు ఫ్యాన్లూ మిక్సీలూ ఫ్రిజ్జులూ అమ్మాను. ఊరంతా నా దగ్గర కొన్నారు, ఒక్క మా ఇంట్లోవాళ్ళు తప్ప. ఇంట్లో ఏది పాడైనా నాయన దాన్ని గోనెసంచిలో వేసుకుని, ఆర్టీసీ బస్సెక్కి, ఆళ్ళగడ్డలో రిపేరు కొట్టున్న దాదా ఖలందర్ దగ్గరికి మోసుకుపోయేవాడు. బస్టాండుకు వేరే దారి ఉన్నా నా షాపు ముందు నుంచే నడిచేవాడు, సంచిలోంచి మిక్సీ మూతి నలుగురికీ కనబడేలా.

ఇక ఇల్లు. ఎండలు ముదరకముందే మిద్దె మీద సున్నం కొట్టిస్తాడు. కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుతాడు. ఏసీ పెట్టిస్తానంటే, "మనిషన్నాక చెమట పట్టాలప్పా" అంటాడు. ఏసీలు అమ్ముకునేవాడికి ఇంతకంటే మంచి తండ్రి ఎక్కడ దొరుకుతాడు?

అందుకే బాగా ఆలోచించి, అంటే ఎవరినీ అడక్కుండా, నంద్యాల షాపు ఎత్తేసి ఆళ్ళగడ్డలో పెద్ద షోరూము పెట్టాను. సరిగ్గా ఖలందర్ కొట్టుకు ఎదురుగా. పాతది బాగుచేయించుకోవడానికి వచ్చినవాడు తల తిప్పితే నా అద్దాల్లో కొత్తది కనబడాలి, అదీ నా తెలివి. ఇది ఆడకపోతే మళ్ళీ నాయన కిరాణాకొట్లో ఎండుమిరపకాయలు తూచుకోవాల్సిందే. అదీ నలభై రెండేళ్ళ వయసులో.

ప్రారంభం మే నెలలో. ముహూర్తం పది ఇరవైకి. పదకొండు నుంచి వర్జ్యం కాబట్టి ఆలోపే బోణీ కావాలని నాయన ఉత్తరువు. కంపెనీ తరఫున ఏరియా మేనేజరు విజయభాస్కర్ టై కట్టుకుని వచ్చాడు. ఆ ఎండలో టై కట్టుకున్న మనిషిని చూడ్డానికే సగం జనం వచ్చారనుకుంటా. రిబ్బను తెగింది, చప్పట్లు మోగాయి, చప్పట్ల మధ్యలో కరెంటు పోయింది. నేను అమ్మే ఇన్వర్టర్లే నాలుగు ఏసీలను ఎత్తుకుని, రెండు నిమిషాలు కీచుమని అరిచి, దించేశాయి. చుట్టూ అద్దాల గోడలు కదా, లోపల మనుషులం ఇడ్లీల్లా ఉడికాం.

అతిథులు ఒక్కొక్కరే రోడ్డు దాటారు. ఖలందర్ కొట్టు చిన్నదే. కానీ పైన సున్నం కొట్టిన కప్పు, గుమ్మానికి తడిపిన గోనెపట్టా, లోపల చిన్న సోలారు పలకకు కట్టిన బ్యాటరీ మీద తిరిగే ఫ్యాను, మూలన కడవలో నీళ్ళు. నేను తెప్పించిన కూల్‌డ్రింకులు కూడా అక్కడికే పట్టుకుపోయి తాగారు. అందరికంటే ముందు పోయింది మా నాయనే.

పదకొండుకు పది నిమిషాలుంది, ఇంకా బోణీ కాలేదు. అప్పుడు ఖలందర్ చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. వెనక నాయన, నాయన వెనక జనం. వాళ్ళలో బజారులో ఇడ్లీలమ్మే బాలమ్మ కూడా ఉంది. కొత్తగా వేసుకున్న గదికి పాత ఫ్యాను ఏదైనా దొరుకుతుందేమోనని ఆమె పొద్దున్నే ఖలందర్ దగ్గరికి వచ్చింది.

"బోణీ నాదే అల్లుడా," అన్నాడు ఖలందర్. "ఫ్యాను కెపాసిటర్ ఒకటియ్యి. నా దగ్గర అయిపోయినాయి."

బంగారు కొట్టు తెరిచిన రోజు పిన్నీసు అడిగినట్టుంది. "అవి పెట్టలేదు మామా. కొత్త ఫ్యాను తీస్కో," అన్నాను.

"ఫ్యాను ఉండాది గదప్పా. పోయింది కెపాసిటరే."

"లేదని తిప్పి పంపిస్తాండావా ఏందీ?" నాయన గొంతు మారింది. "మన ఇంట్లో బోణీ బేరం తిప్పి పంపినోడు యాడన్నా ఉన్నాడా? కొత్త ఫ్యాను విప్పు. దాంట్లోది తీసియ్యి. బేగా కానీ."

నవ్వుకోండి. నేను డిగ్రీ చదివినవాణ్ణి, ఫోనుతో ఏసీలు నడిపేవాణ్ణి. బోణీ మాట వినగానే నా చెయ్యి దానంతటదే స్క్రూడ్రైవరు మీదికి పోయింది. నా దగ్గరున్నవన్నీ రిమోటు ఫ్యాన్లే. ఒకటి అట్టపెట్టెలోంచి తీసి మూత ఊడదీశాను. ఖలందర్ కళ్ళద్దాలు పెట్టుకుని తొంగిచూశాడు. ఆయన అడిగింది అందులో లేనే లేదు. దాని బదులు అరచేతి అంత పచ్చ బోర్డు ఉంది.

"అందుకే ఇది సగం కరెంటు కూడా తీసుకోదు," అన్నాడు విజయభాస్కర్, ప్రాణం లేచివచ్చి.

"నిజమే సారూ. మంచి సరుకే," ఖలందర్ ఒప్పుకున్నాడు. "ఈ బోర్డు కాలిపోతే?"

"గ్యారంటీ రెండేళ్ళు."

"మూడో ఏడు?"

మేనేజరు నావైపు చూశాడు. జనం కూడా చూశారు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను, పన్నెండేళ్ళుగా అలవాటున్న నోరే. కానీ ఎదురుగా మా నాయన నిలబడి ఉన్నాడు.

"బోర్డు విడిగా రాదు మామా. ఫ్యానే మార్చుకోవాల."

"ఇంత దుడ్లు పెట్టి కొని, మూడో ఏడు పారేయాల్నా?" అంది బాలమ్మ.

జనం మళ్ళీ గోనెపట్టా వైపు కదిలారు. పదకొండుకు మూడు నిమిషాలు. నాకు భయమేసింది, దాచేదేముంది. ఆ భయంలోనే బోర్డు వైర్లు పీకి ఖలందర్ చేతిలో పెట్టాను.

"ఇదే బోణీ మామా. నీ ఇష్టమొచ్చినంత ఇయ్యి."

"శరత్ గారూ!" విజయభాస్కర్ కేక వేశాడు. "విడిభాగాలు అమ్మకూడదని అగ్రిమెంటులో ఉంది. డీలర్‌షిప్ రద్దు చేస్తారు."

"తర్వాత చెయ్యండి సార్. ముందు బోణీ కానివ్వండి."

దీన్ని కంపెనీ మీద తిరుగుబాటు అనుకునేరు. వర్జ్యం వస్తోంది, అంతే. ఖలందర్ ఇచ్చిన నోటు కళ్ళకద్దుకున్నాను. మేనేజరు ఫోను చెవిన పెట్టుకుని కారెక్కాడు. షోరూము తెరిచి గంట కాకముందే మూతపడేలా ఉంది. ఖలందర్ మాత్రం బోర్డును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"దీంట్లో కాలేవి ఈ రెండు ముక్కలే," అన్నాడు. "ఇవి మార్చేదానికి నాకు చేతనవుతాది."

బాలమ్మ వెనక్కి వచ్చింది. "శెట్టీ, ఆ రిమోటు ఫ్యాను నాకొకటియ్యి."

నేను నమ్మలేదు.

"నిన్ను జూసి గాదు," అంది. "బాగుజేసే మనిషి ఎదురుగా ఉండాడు, అందుకు."

ఇన్నేళ్ళలో వస్తువు పాడవుతుందని తెలిసీ నా దగ్గర కొన్న మొదటి మనిషి ఆమె. సంతోషం రావలసిన చోట సిగ్గొచ్చింది. అమ్మిన ఫ్యాన్లన్నీ గుర్తొచ్చాయి. తలవంచుకుని బిల్లు పుస్తకం తెరిచాను.

"గ్యారంటీ యాడ రాస్తావ్?" అని అడిగింది బాలమ్మ. చూపించాను. అక్కడ అచ్చువేసి ఉన్న కంపెనీ పేరు మీద వేలుపెట్టి, "ఇది కొట్టేయ్. దాదా ఖలందర్ అని రాయి," అంది.

కొట్టేసి రాశాను. సంతకం పెట్టమని పుస్తకం ఖలందర్ వైపు తిప్పాను.