నాకని పెట్టుకున్న అన్నం

“మీ చేతికి ఎక్కేవి నా దగ్గర లేవమ్మా” అంది గాజులామె, నా వేళ్లను పిండి పిండి అలిసిపోయి. కోదాడలో మా ఆడబిడ్డ కాటమ్మ కూతురి పెళ్లి. పందిట్లో ఆడవాళ్లంతా వరసగా కూర్చుని పచ్చగాజులు వేయించుకుంటున్నారు. నా చేతికి సబ్బు రాశారు, గుడ్డ చుట్టి లాగారు, గాజులు పగిలాయి తప్ప ఎక్కలేదు. “ఎడ్ల మెడ పట్టీలు తెప్పించండే” అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నేను నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారని నాకు భయం. తలెత్తి చూస్తే గుంజ పక్కన మా ఆయన ఈదయ్య ఉన్నాడు. ఆయన ఒక్కడే నవ్వలేదు. నలుగురిలో నన్ను ఎరగనట్టు పక్కకు చూశాడు.

తిరిగి సూర్యాపేటకు వచ్చే బస్సులో ఆయన నా పక్కన కూర్చోలేదు. దిగాక, మూట నా నెత్తికి ఎత్తుతూ చెప్పాడు. “బతుకమ్మ పండుగ దాక సూస్త. ఒళ్లు తగ్గియ్యి. లేకుంటే గరిడేపల్లిల మీ తల్లిగారింట దించొస్త. పిల్లలు గీడ్నే ఉంటరు. సన్నబడ్డనాడు కబురు పెట్టు, తోల్కొస్త.”

కోపంగా చెప్పి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. దుకాణానికి బస్తా దింపించే మాటలాగా చెప్పాడు. అందుకే నమ్మాను. పిల్లలిద్దరూ నేను లేకుండా నిద్రపోరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

అది పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు. సర్కారు లెవీలకు ధాన్యం కొలిచి కొలిచి ఊళ్లు వట్టిపోయి ఉన్నాయి. మాది కిరాణం దుకాణం. మోతె పల్లె నుంచి ఉప్పుకూ మిరపకాయలకూ వచ్చే కూలి ఆడవాళ్ల మెడ కింద గుంటలు కనిపించేవి. వాళ్లు నా వైపు చూసినప్పుడల్లా కొంగు భుజాల నిండా కప్పుకునేదాన్ని. “గీ కరువుల గింత ఒళ్లు యాడికెల్లొచ్చెనో” అని ఒకామె నాకు వినబడేటట్టే అన్నది. వాళ్ల నోటి ముద్ద నేను లాక్కుని తిన్నట్టు అనిపించి లోపలికి పారిపోయాను. ఊరంతా ఎండిపోతుంటే ఒళ్లు ఊరిపోవడం ఎంత సిగ్గో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. మా అత్త చంద్రమ్మ ఆ సంగతి వచ్చినవాళ్లకు తనే అందించేది. “నా కొడుకు కష్టం యాడికి పోతుందో సూడుండ్రి, సాటుకేం లేదు” అనేది.

ఒళ్లు తగ్గించమని దేవుణ్ని నోరు తెరిచి అడగడానికి సిగ్గేసింది. అందుకని దేవుళ్లందరికీ ఉపవాసాలు మొక్కాను. వారంలో ఏ రోజు ఏ దేవుడిదో చూసుకుని ఆ రోజు మానేయడమే. మిగిలిన రోజుల్లో ఒంటిపూట అంబలి. వంట మాత్రం ఎప్పటిలాగే అందరికీ నేనే. పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె కొడుతుంటే ఆ వాసనకు కళ్లు తిరిగేవి. కొన్నాళ్లకు నడుం కొంచెం వదులైంది. నేను మురిసిపోయాను. మా ఆయన చూడలేదు.

ఒక మధ్యాహ్నం పల్లీలు ఏరడానికి దుకాణం వెనకగదిలోకి వెళ్లాను. బెల్లం బుట్ట మూత తీసి ఉంది. చిన్నముక్క అనుకున్నాను. ఆ తరువాత నా చెయ్యి నా మాట వినలేదు. నిలబడే, నమలకుండానే, ఎవరో తరుముతున్నట్టు తిన్నాను. తలుపు దగ్గర అత్త గొంతు వినిపించింది.

“ఎలుకలు పడ్డయనుకున్న. ఎలుక గీడున్నది.”

నోట్లో బెల్లం ఉంది. ఉమ్మేయాలో మింగాలో తెలియలేదు. ఆమె కళ్లలోకి చూస్తూ మింగాను. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. ఆ పూట ఆయనకు అన్నం పెడుతుంటే అత్త చెప్పనే చెప్పింది. “ఉపాసమని జెప్పి గిదా నువ్వు జేసేది” అన్నాడు ఆయన. తినగలిగినంత తిని, పప్పు కలిపిన అన్నం సగం వదిలి, కంచం నా వైపు తోశాడు. “పారెయ్యకు, తినెయ్.” మొగుడు తిన్న కంచంలోనే పెళ్లాం తినాలి. మా ఇంట్లో అది ఆనవాయితీ. ఆయన ఎంత వదిలితే అంతా తినాలి. తిన్నాను. మర్నాడు శిక్షగా రెండు పూటలూ మానేశాను.

ఆ వారంలోనే బావి దగ్గర పడిపోయాను. అత్త ముఖం వెలిగిపోయింది. నీళ్లోసుకున్నాననుకుంది. చేయి పట్టుకుని మెల్లగా నడిపించి, నాతో అంత ప్రేమగా మాట్లాడటం అదే మొదలు, దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి నర్సు పేరు ఏసమ్మ. ఒంట్లో ఆమె కూడా నాకేం తీసిపోదు. పరీక్ష చేసి, “కడుపు గాదు, కడుపుల ఏం లేక పడ్డది” అంది. అత్త నా చేయి వదిలేసి బయట అరుగు మీద కూర్చుంది.

“పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?” అడిగింది ఏసమ్మ.

“ఏం తినలే.”

“ఏం తినకుంటే గింత ఒళ్లెట్లుంటది? నన్ను సూసి నిజం జెప్పు, నేను నవ్వ.”

చెప్పాను. చెబుతూ ఉంటే నాకే వింతగా ఉంది. ఉపవాసం లేని రోజు పిల్లలు వదిలిన రొట్టె అంచులు. పాలగిన్నె గోకిన మీగడ. అత్త సగం తాగి పెట్టిన అంబలి. మాడిన అన్నం అడుగు, పడేయలేక. ఆయన కంచం. రాత్రికి మిగిలిన కూర, పులిసిపోతుందని. ఏదీ కూర్చుని తిన్నది కాదు. ఆకలైందని తిన్నదీ కాదు.

“మరి నీకని పెట్టుకున్నదేంది?”

ఎంత ఆలోచించినా ఒక్కటి కూడా గుర్తు రాలేదు. ఒక పూటకు ఎంత తింటానో చూపించమంటే నా చేతులతో చూపించలేకపోయాను. నా అన్నం ఒక్కచోట ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆమె ముందు తల వంచుకుని ఏడ్చాను.

“ఉపాసాలు బంజెయ్” అంది ఏసమ్మ. “అవి నాలుగు రోజులు సాగి బెల్లం బుట్ట కాడ ఖతమైతయి. అన్నం మానకు, రొట్టె మానకు. ఆకలైతే నీకని పెట్టుకో, కూసోని తిను, సాలనిపిస్తే లేవు. పప్పు, కూర జర ఎక్కువేస్కో. పండుగనాడు తీపి తిను, ఏం గాదు, తెల్లారి మళ్ల మామూలుగ తిను. జల్దీ తగ్గాలనుకోకు. ఎన్నేండ్లయినా చెయ్యగలిగేదే పట్టుకో.”

ఇంటికి వస్తూ మా ఖాళీ గొడ్లపాక చూశాను. పోలీసు చర్యకు ముందటి గడబిడ రోజుల్లో మా బర్రెను తోలుకుపోయారు. అది ఉన్నప్పుడు మిగిలిందంతా కుడితి గోలెంలో పోసేవాళ్లం. అది పోయింది. గోలెం ఎండిపోయింది. మిగలడం మాత్రం ఆగలేదు. మగవాళ్లు గిన్నె ఖాళీ చూడకూడదని అత్త ఎప్పుడూ ఎక్కువే వండించేది. అదంతా ఎక్కడికి పోతోందో నాకు అప్పుడు అర్థమైంది. బర్రె పోయిన ఇంట్లో దాని తిండి నేను తింటున్నాను. పైగా గొడ్డులా ఉన్నానని తిట్లు కూడా నాకే.

ఇంట్లో నాకు కంచం లేదు. అడిగే ధైర్యమూ లేదు. చుట్టాల కోసం నేనే కుట్టిపెట్టిన మోదుగ విస్తళ్లలోంచి ఒకటి తీసుకున్నాను. ఆ మధ్యాహ్నం ఒక రొట్టె, గరిటెడు పప్పు, పుంటికూర పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాను. దొంగతనంగా బెల్లం తిన్నప్పటికన్నా ఎక్కువ సిగ్గేసింది. అత్త వచ్చి చూసి, “మొగడు తినకముందే?” అంది. నీళ్లు తాగి మళ్లీ తిన్నాను. సగంలో కడుపు చాలంది. చాలనడం అలా ఉంటుందని నాకు తెలియదు.

వండే బియ్యం గుప్పెడు గుప్పెడు తగ్గించాను. పిల్లలు వదిలింది పక్కింటి గోపమ్మ వాళ్ల బర్రెకు పోశాను. ఆయన కంచంలో మిగిలింది కూడా. పోసిన మొదటి రోజు ఎవరైనా చూశారేమోనని వెనక్కి చూసుకున్నాను. తొలి ఏకాదశికి పేలాల పిండి ఆగలేక తిన్నాను. తెల్లారి మానేద్దామనిపించింది. మానేయకుండా రోజూలాగే రొట్టె పెట్టుకుని కూర్చున్నాను. అది ఉపవాసాలన్నిటికన్నా కష్టం. పెళ్లిపందిట్లో నవ్వులు అప్పుడప్పుడూ చెవిలో పడేవి. ఆ పూట విస్తరి ముందు కూర్చోబుద్ధి అయ్యేది కాదు. అయినా కూర్చునేదాన్ని.

వానలు తగ్గేసరికి రవిక ముడి కొసలు పొడుగ్గా వేలాడసాగాయి. నేను సన్నబడలేదు. కొంచెం తగ్గాను, అంతే. నీళ్ల బిందెతో ఆయాసం లేకుండా వస్తున్నాను. కళ్లు తిరగడం పోయింది.

బతుకమ్మకు ముందు ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. “జర తగ్గినవ్. నేను గట్టిగ చెప్పబట్టే” అన్నాడు. అని కంచం నా వైపు తోశాడు. అందులో అన్నం ఎప్పటిలాగే సగం ఉంది.

“నేను తిన్న” అన్నాను.

“అవునురా, నీకంటె ముందే మింగుతున్నది” అంది అత్త. “నీ కంచంల మెతుకు ముట్టి ఎన్నాళ్లాయె. నీ ఎంగిలి బర్రెకు పోస్తున్నది.”

ఆయన ముఖం మారిపోయింది. నేను ఇంకా లావుగా ఉన్నప్పుడు కూడా నన్ను అలా చూడలేదు. అప్పుడు నాకు తెలిసింది. నేను సన్నబడాలి, కానీ వాళ్లు వదిలింది ఏదీ మిగలకూడదు. రెండూ చేసే ఆడదాన్ని ఆయన ఎక్కడి నుంచి తెస్తాడు? సిగ్గు పోలేదు, అబద్ధం చెప్పను. కానీ ఆ సిగ్గులో కొంత నాది కాదనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం ఆకలైంది. విస్తరి వేసుకుని కూర్చున్నాను. ఈసారి గోడవైపు తిరగలేదు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నానో లేదో ఆయన దుకాణం నుంచి వచ్చాడు. ఎదురుగా నిలబడ్డాడు.

“నా కంచంల తిననిదానివి నా ఇంట్ల ఎందుకు? గరిడేపల్లికి బండి గట్టమంటవా?”

పిల్లలు గుర్తొచ్చారు. జవాబు నా దగ్గర ఉంది. వాళ్లను వదిలి ఏ బండీ ఎక్కను, ఆ కంచంలో చెయ్యీ పెట్టను. కానీ నోట్లో ముద్ద ఉంది. తొందరపడి మింగలేదు. మెల్లగా నమిలాను. పెళ్లయిన నాటి నుంచి ఆయన తిని లేచేదాకా నేను నిలబడ్డాను. ఆ రోజు నేను తినడం అయ్యేదాకా ఆయన నిలబడ్డాడు.