నిదానపు పోగుల అషున్

బిషెంతే నడుముకు పట్టీ చుట్టేటప్పుడు ఒక కొస అషున్ పట్టుకుని నిలబడాలి. రెండో కొస పొట్టకు అదిమిపెట్టుకుని అతను గిర్రున తిరుగుతూ ఆమె దగ్గరికి వస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఇది ఆమెకు సరసంగానే అనిపించేది. తర్వాత పొట్టా పెరిగింది, పట్టీ పొడవూ పెరిగింది, సరసం మాత్రం ఉన్నచోటే ఆగిపోయింది.

"గట్టిగా పట్టుకో. నీకున్న పనల్లా అదొక్కటేగా," అన్నాడు.

అదొక్కటే. పొద్దున లేచి ఆవుల పాలు పితికి, క్యాన్లు రోడ్డుదాకా మోసి, అత్తగారు జొషేపాకు మందులిచ్చి, ఈ మహానుభావుడికి గుడ్లూ మాంసమూ వేయించి పెట్టి, అతని తోలు కోటూ తువ్వాళ్ళూ పొడి బట్టలూ రెండు సంచులకెత్తి, కొండ దిగి ఊళ్ళో జాతర మైదానానికి మోసుకొచ్చింది. అవన్నీ తీసేస్తే నిజంగానే ఆమెకు పని అదొక్కటే.

బిషెంతే జాతర పోటీల్లో రాళ్ళెత్తే మనిషి. వేసవి మొదట్లో దొనోస్తియా పట్నం నుంచి ఒక కోచ్ వచ్చి ఊరి రాళ్ళెత్తేవాళ్ళకు కండల సంగతి చెప్పాడు. కండ లోపల సన్నటి పోగులుంటాయట. వాటిలో ఇంకా సన్నటి దారాలు, తాడులాగుడు పోటీలో జట్టు తాడు లాగినట్టు, ఒకదాన్నొకటి పట్టుకుని వదిలి మళ్ళీ పట్టుకుని లాగుతాయట. అప్పుడే బలం పుడుతుందట. పోగుల్లో రెండు రకాలు. వేగపువి ఒక్క ఊపున కొండలెత్తి వెంటనే చతికిలబడతాయి. నిదానపువి కొంచెమే లాగుతాయి గానీ పొద్దల్లా లాగుతూనే ఉంటాయి.

బిషెంతే ఆ మాటల్ని భోంచేసినంత ఇష్టంగా ఇంటికి పట్టుకొచ్చాడు. "నాది వేగపు పోగుల ఒళ్ళు, దానికి విశ్రాంతి కావాలి. నీది నిదానపు పోగుల ఒళ్ళు. గిన్నెలూ గడ్డీ నీకే నప్పుతాయి," అని తేల్చేశాడు. జొషేపా పొంగిపోయింది. కొడుకు బారెడు పొద్దెక్కేదాకా పడుకోవడం బద్ధకం కాదని తనకు ఎప్పుడో తెలుసట, ఇన్నాళ్ళకు సైన్సుకు తెలిసిందట.

కోచ్ వచ్చిన ఆ రోజు వెనక బల్ల దగ్గర కాఫీలు పోస్తూ అషున్ కూడా విన్నది. బిషెంతే ఇంటికి తీసుకురాని ముక్క ఒకటుంది. ఏ పనికైనా ఒళ్ళు ముందు పిలిచేది నిదానపు పోగుల్నే. అవి చాలవని తెలిస్తేనే వేగపువాటికి కబురు వెళ్తుంది. గిన్నెలు తోముతూ, గడ్డి కోస్తూ ఆమె దాన్నే నెమరేసేది. మా ఇంట్లో ఆ కబురు ఎందుకు వెళ్ళదు? ఎవరు పంపాలి? నేను కాదూ? చాలడం లేదని నోరు తెరిచి ఏనాడన్నా చెప్పానా? తప్పు తనమీదికే వస్తుంటే ఒళ్ళు మండి, గిన్నెను ఇంకా గట్టిగా తోమేది.

పట్టీ చుట్టడం అయ్యాక మైదానంలో బిషెంతే రాయిని భుజానికెత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. జనం ఈలలు వేశారు. అతను రొప్పుతూ బల్లమీద కూలబడ్డాడు. తర్వాత ఆడవాళ్ళ పోటీ. చేతికొక ఇనుప బరువు పట్టుకుని మైదానం ఆ చివరికీ ఈ చివరికీ నడవాలి. పాలక్యాన్లు మోసే అలవాటులోంచి పుట్టిన ఆట. బరువు నేలకు తగిలితే ఆట అయిపోయినట్టే, మళ్ళీ ఎత్తడానికి లేదు. ఒక మనిషి తక్కువైంది. మైకులో మాట్లాడేవాడి కన్ను రెండు సంచులతో నిలబడ్డ అషున్ మీద పడింది. ఎలాగూ మోస్తోంది కదా, అవి పెట్టేసి ఇవి మోయమన్నాడు.

బిషెంతే నవ్వాడు. "పో, సరదాకి. తొందరగా వచ్చెయ్, భోజనం వేళవుతోంది."

అషున్ నడిచింది. మిగతా ఇద్దరూ దించేశారు. ఆమె నడుస్తూనే ఉంది. జనం చప్పట్లు కొట్టి అలిసిపోయి, ఆపిల్ సైడర్ తాగడానికి వెళ్ళి, తిరిగొచ్చి చూస్తే ఇంకా నడుస్తోంది. మైకువాడికి చెప్పడానికేమీ మిగలక ఆమె పుట్టింటివాళ్ళ ఆవుల పేర్లు చదవడం మొదలుపెట్టాడు. వేళ్ళు పీకుతున్నాయి, భుజాలు దిగలాగుతున్నాయి. అయినా ఆమెకు హాయిగా ఉంది. రెండు చేతులూ నిండి ఉన్నాయి గనక ఇది అందుకో, అది పట్టుకో అని ఎవరూ అనడం లేదు. ఎన్నేళ్ళకో తన బరువు తను మోస్తోంది. ఆ సంగతి తెలిశాక ఏడుపొచ్చినంత పనైంది.

మోయలేక కాదు, ఇక చాలనిపించి, బరువులు మెల్లగా నేలమీద పెట్టింది.

"హమ్మయ్య," అంటూ బిషెంతే సంచులు చూపించాడు. "ఎత్తుకో, పోదాం. నా ఒళ్ళు హూనమైంది."

"వాడి చేతులు చూడవే అమ్మాయ్, ఎలా వణుకుతున్నాయో," అంది పక్కింటివాళ్ళ జీపులో జాతర చూడొచ్చిన జొషేపా.

"నేను దించేశాను అత్తయ్యా. దించాక మళ్ళీ ఎత్తడానికి లేదు."

"ఆ రూలు ఆటలోనే," అన్నాడు బిషెంతే.

"నిదానపు పోగులు చాలడం లేదు బిషెంతే. వేగపువాటికి కబురంపుతున్నాను."

అత్తగారిని మళ్ళీ ఆ జీపే ఎక్కించి, కొండదారి పట్టింది. ఖాళీ చేతుల్ని ఏం చేసుకోవాలో తోచక మగవాళ్ళలా వెనక్కి కట్టుకుంది. కాసేపటికి వెనక సంచుల చప్పుడు, దాని వెనక ఆయాసం. మొదటి మలుపులో ఆగాడు. రెండో మలుపులో కూర్చున్నాడు.

"ఈ కొండ ఎప్పుడు ఇంత పెరిగిందే?"

"నువ్వు ఖాళీ చేతులతో ఎక్కినన్నాళ్ళూ పెరగలేదు," అంది అషున్, అడుగు ఆపకుండా.